బోర్డు లేని మెస్, ఒక మాట

ముందు భోజనం సంగతి చెప్తాను, ఆ తర్వాత మాట సంగతి.

మాది రాజమండ్రి. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట 31 ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను. అమ్మకాలు, దానాలు, భాగపంపకాలు, తనఖాలు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి తిని వచ్చే వీలుండదు కాబట్టి ఈ ఊళ్ళో అన్నం పెట్టే చోట్లు చాలావరకు చూశాను. నాలుగేళ్ళుగా మాత్రం ఒకటే చోటు. ఇన్నీసుపేటలో పాత పెంకుటిల్లు, గుమ్మం ముందు వేపచెట్టు, లోపల హాల్లో రెండు వరసల బల్లలు. ఒక బంతికి 24 మంది కూర్చోవచ్చు. బోర్డు లేదు. పేరు పెట్టి రాయొద్దని అక్కగారు, అంటే యజమానురాలు, ముందే చెప్పారు. జనం ఎక్కువైతే వడ్డన చెడిపోతుందని ఆవిడ భయం. ఆ మాట గౌరవించి పేరు రాయడం లేదు. వేపచెట్టు మెస్ అంటే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు.

సోమవారం నుంచి శనివారం దాకా ఉంటుంది. భోజనం 130 రూపాయలు. అరిటాకు వేస్తారు. పప్పు, ఒక వేపుడు, ఒక ముద్దకూర, రోటిపచ్చడి, పులుసో దప్పళమో, చారు, గడ్డపెరుగు, ఊరగాయ. మొదటి ముద్దకి కందిపొడి, నెయ్యి. మంగళవారం మామిడికాయ పప్పు, ఆ రోజుల్లో కాయ దొరక్కపోతే దోసకాయ. గురువారం గుమ్మడికాయ దప్పళం. పనసపొట్టు కూర మాత్రం వారం చెప్పలేం, లేత కాయ బజారుకి వచ్చిన రోజే. ఆవపిండి అందులో సరిగ్గా పడుతుంది, ముక్కుకి ఘాటు తెలుస్తుంది గాని చేదు రాదు. నా దృష్టిలో ఈ ఊళ్ళో పనసపొట్టు కూర ఇంత బాగా ఇంకెక్కడా లేదు. ముద్దకూరల్లో వంకాయ అల్లం పచ్చిమిర్చి కూర గొప్పగా ఉంటుంది. వేపుళ్ళు పరవాలేదు, అంతే. చారులో ఉప్పు ఒక్కోరోజు ఎక్కువవుతుంది, అది నేనే రెండుసార్లు చెప్పాను.

ఇంతవరకు రాస్తే మామూలు రివ్యూ అయిపోయేది. నేను ఇది రాయడానికి కూర్చున్నది కూర కోసం కాదు.

పోయినేడాది మా పెళ్ళిరోజున మా ఆవిడని ఇంకో పెద్ద ఏసీ హోటల్‌కి తీసుకెళ్ళాను. పేరు అనవసరం. ఆదివారం, రద్దీ. మేం పెరుగన్నంలోకి వచ్చేసరికి మా కుర్చీల వెనకాల ఒక కుటుంబం వచ్చి నిలబడింది. వడ్డించే కుర్రాడు మా ఆవిడ పళ్ళెంలో ఇంకా మాగాయ ముక్క ఉండగానే పళ్ళెం మీద చెయ్యి వేశాడు. "తింటున్నారు కదండీ" అన్నాను. అంతలో సూపర్‌వైజర్ వచ్చి, "మర్యాదగా చెప్తున్నాను, బయట చాలామంది వెయిటింగ్‌లో ఉన్నారు, లేవండి" అన్నాడు. మా ఆవిడ ఆ ముక్క అలాగే వదిలేసి లేచింది. చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, బయటికి నడిచింది. ఆటోలో దేవీచౌక్ దాటేదాకా ఒక్క మాట లేదు. ఆ తర్వాత అంది: "మర్యాదగా అనే మాటని అంత అమర్యాదగా ఎలా అన్నాడండీ?"

ఆ ప్రశ్న నన్ను రాత్రంతా పట్టుకుంది. మాటలు రాసుకుని బతికేవాణ్ణి. మర్యాద అన్న మాట మనం రోజుకి పదిసార్లు అంటాం. అల్లుడికి మర్యాద చేశాం అంటాం. మర్యాద ఇచ్చి పుచ్చుకో అంటాం. ఒకణ్ణి కొట్టబోయే ముందు కూడా మర్యాదగా బయటికి నడు అంటాం. ఆదరించే మాట, బెదిరించే మాట ఒకటే ఎలా అయింది?

మర్నాడు మెస్‌లో అడిగాను. అక్కడ కిటికీ పక్కన రోజూ ఒక రిటైరైన తెలుగు మాస్టారు కూర్చుంటారు. 80కి దగ్గరపడ్డ మనిషి, సంస్కృతం బాగా చదువుకున్నవారు. జరిగింది చెప్పాను. ఆయన కందిపొడిలో నెయ్యి కలుపుకుంటూ, "మర్యాద అంటే నువ్వు రోజూ రాసేదే కదయ్యా" అన్నారు. నాకు అర్థం కాలేదు. "చెక్కుబందీ" అన్నారు.

చెక్కుబందీ అంటే తెలియనివాళ్ళ కోసం: దస్తావేజులో భూమికి నాలుగు వైపులా ఏమున్నదీ రాసే భాగం. తూర్పు ఫలానావారి చేను, దక్షిణం పంట బోదె, పడమర పుంత, ఉత్తరం రోడ్డు. దస్తావేజుకి అదే ప్రాణం. ధర తప్పు పడితే సవరణ రాసుకోవచ్చు, హద్దు తప్పు పడితే రెండు తరాలు కోర్టు చుట్టూ తిరుగుతాయి.

సంస్కృతంలో మర్యాద అంటే మొదట అదేనట. ఎల్ల, హద్దు, గట్టు. సముద్రం ఎంత పొంగినా ఆగే ఒడ్డుని కూడా మర్యాద అన్నారు, దాన్నే మనవాళ్ళు చెలియలికట్ట అన్నారు. ఋగ్వేదం పదో మండలంలో "సప్త మర్యాదాః కవయస్తతక్షుః" అని ఉందని మాస్టారు చదివి వినిపించారు. ఏడు మర్యాదలను కవులు చెక్కారు అని. తతక్షుః అంటే చెక్కడం అని ఆయన చెప్పగానే నా కళ్ళకి సర్వే రాయి కనిపించింది. చేలగట్టు మీద సగం మట్టిలో కూరుకుపోయి, పైన గాటు పెట్టి ఉంటుందే, అది. మర్యాద అంటే ఆ రాయి. నేలమీది హద్దు కాస్తా నడవడికకి హద్దు అయింది. అక్కణ్ణించి కట్టుబాటు, ఆ కట్టుబాటులో ఉన్న మనిషికి దక్కే గౌరవం. హిందీలో ఆ మాట ఇప్పటికీ కట్టుబాటు, పరువు అన్న అర్థాల చుట్టూనే ఉంటుంది. మన తెలుగులో, పక్కన తమిళంలో, కన్నడంలో అది గౌరవం దాకా నడిచింది. మనం ఇంకో అడుగు వేసి అన్నం పెట్టి ఆదరించడాన్ని కూడా మర్యాద అన్నాం. రాముణ్ణి మర్యాదా పురుషోత్తముడు అన్నప్పుడు గీత దాటనివాడు అనే. తీర్పులు చెప్పే మర్యాద రామన్న కథల్లో కూడా ఆ పాత అర్థమే మిగిలి ఉందని నాకు అనిపిస్తుంది. తీర్పంటే ఇది నీది, ఇది అతనిది అని గీత గీయడమే కదా.

అయితే అమర్యాద అంటే గట్టు తెంచుకోవడం. మాట అంత పాతది, బొమ్మ అంత స్పష్టమైనది. హద్దు మీరాడు అంటాం చూడండి, అక్కడ హద్దు అరబ్బీ మాట, బొమ్మ మాత్రం అదే. హైదరాబాదులో మా అబ్బాయి ఉంటాడు. అక్కడ ఎవరైనా పెద్దల దగ్గర నోరు జారితే బద్తమీజ్ అంటారట. తమీజ్ అంటే అరబ్బీలో ఒకదాన్నుంచి ఇంకోదాన్ని వేరు చేసి గుర్తించడం అని మాస్టారే చెప్పారు. వేరు చేయడం తెలియనివాడు బద్తమీజ్. అదీ గీత సంగతే. అచ్చ తెలుగు తలబిరుసు మాత్రం వేరే దారి. బిరుసు అంటే మెత్తగా వంగనిది. పిండి బిరుసుగా ఉందని వంటింట్లో అంటాం. వంగని తల తలబిరుసు. ఆ మాటలో మనిషి కనిపిస్తాడు. అమర్యాదలో ఇద్దరు మనుషులు, మధ్యలో గట్టు కనిపిస్తాయి. నాకు ఈ రెండోదే లోతుగా తోస్తుంది.

మరి సూపర్‌వైజర్ "మర్యాదగా చెప్తున్నాను" అన్నది? దీనికి మాస్టారు జవాబు చెప్పలేదు, నాకే తట్టింది. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు నాకు 20 ఏళ్ళు. లంకల్లో ఉన్న మా మేనమామగారి కుటుంబంతో గట్టు మీద మూడు రాత్రులు గడిపాను. నీళ్ళు గట్టు అంచుకి బెత్తెడు కింద ఉన్నప్పుడు మనుషులు ఎంత నెమ్మదిగా మాట్లాడుకుంటారో ఆ రాత్రుల్లో విన్నాను. "మర్యాదగా చెప్తున్నాను" అనేవాడు ఆ హెచ్చరికే జారీ చేస్తున్నాడు. ఇంకా గట్టు లోపలే ఉన్నాను, ఇంకో మాట పెరిగితే దాటతాను అని. ఆ మాట అబద్ధం కాదు, పాత అర్థానికి సరిగ్గా సరిపోతుంది. తప్పల్లా ఎక్కడంటే, తన భార్యతో కూర్చుని పెరుగన్నం తింటున్నవాడికి వరద హెచ్చరిక ఇవ్వడం. మా ఆవిడకి ఇంటికెళ్ళి ఇది చెప్పాను. "అయితే నాకు తగిలింది సరైన చోటే తగిలింది" అంది.

ఇప్పుడు మళ్ళీ మెస్. ఈ మాట తెలిశాక నేను వడ్డనని వేరేగా చూడడం మొదలుపెట్టాను.

అక్కడ వడ్డించేది ఒక పెద్దాయన. 70 దాటాయి. అందరికీ బాబాయే. సన్నగా, తెల్ల పంచె మోకాలి పైకి కట్టి, కుడి భుజం మీద తువ్వాలు. చేతిలో పప్పు గోకర్ణం. ఆయన ఆకు దగ్గరికి వచ్చి ముందు ఆకు వంక చూస్తాడు, మొహం వంక కాదు. అన్నంలో గుంట ఎంత చేశారో చూసి దాన్నిబట్టి పప్పు వేస్తాడు. రెండోసారి వచ్చినప్పుడు "ఒక్క గరిటె వేయించుకోండి బాబూ" అంటాడు. మనం అరచెయ్యి ఆకు మీద అడ్డం పెడతాం. మామూలుగా మొహమాటపు చెయ్యి ఒకటి ఉంటుంది, వేళ్ళు కొంచెం విడిగా, ఆకుకి జానెడు పైన. నిజంగా చాలన్న చెయ్యి ఇంకోటి, వేళ్ళు దగ్గరగా, ఆకుకి ఆనుకుని. బాబాయి ఈ రెండిటినీ పోల్చుకుంటాడు. మొదటి చెయ్యికి, వేళ్ళ సందులోంచి అన్నట్టుగా, కొసరు ఒకటి పడుతుంది. రెండో చెయ్యి చూస్తే గరిటె గాలిలోనే ఆగిపోతుంది. చెయ్యికి తగలదు, మీద చుక్క పడదు. ఆగి, వెనక్కి వెళ్తుంది. నాలుగేళ్ళలో ఆయన ఒక్కసారి పొరపాటు పడగా చూడలేదు.

ఇక్కడ మాస్టారు చెప్పిన ఇంకో సంగతి రాయాలి, నాకు చాలా నచ్చింది. పాణిని వ్యాకరణంలో "ఆఙ్ మర్యాదాభివిధ్యోః" అని ఒక సూత్రం ఉంది. ఫలానా దాకా అన్నప్పుడు ఆ ఫలానాది లోపల కలుస్తుందా, కలవదా? కలిస్తే అభివిధి. కలవకుండా, దానికి ఇవతలే ఆగితే మర్యాద. పాటలీపుత్రం దాకా వాన పడింది అంటే, ఊళ్ళో కూడా పడితే అభివిధి, ఊరి పొలిమేర దగ్గర ఆగిపోతే మర్యాద. పైన నేను "శనివారం దాకా" అని రాశాను, శనివారం కూడా భోజనం ఉంటుంది కాబట్టి అది అభివిధి. నా పనిలో ఈ తేడాకి లక్షల రూపాయల విలువ ఉంది. "గోడ దాకా" అని రాసి వదిలేస్తే ఆ గోడ ఎవరిదని అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్న కేసులు నాకు తెలుసు. నేను ఎప్పుడూ "గోడ ఉమ్మడి" అనో "గోడ మినహా" అనో విడిగా రాస్తాను. ఇన్నేళ్ళూ రాస్తున్న ఆ "మినహా"యే మర్యాద అని మాస్టారు చెప్పేదాకా తెలియదు. బాబాయి గరిటె చెయ్యి దాకా వచ్చి, చెయ్యి మినహా ఆగుతుంది.

పోయిన మాఘంలో ఒక రోజు వరంగల్ వైపు లారీ డ్రైవరు ఒకతను వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. పాతికేళ్ళుంటాయి. బాగా ఆకలి మీద ఉన్నాడు. "తాతా, పప్పు ఇంకింత ఎయ్యి. నువ్వు మంచిగ వడ్డిస్తున్నవ్" అన్నాడు. నా పక్కన కూర్చున్న కాంట్రాక్టరు గారికి ఒళ్ళు మండింది. "పెద్దాయన్ని పట్టుకుని ఏకవచనమేమిటయ్యా?" అన్నారు గట్టిగానే. కుర్రాడి చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. తను చేసిన తప్పేమిటో అతనికి తెలియలేదు, ఆ మొహం చూస్తే తెలుస్తోంది.

బాబాయి ఏమీ అనలేదు. "ఇదిగో నాన్నా" అని పప్పు వేసి, పైన నెయ్యి ఇంకో చెంచా వేశాడు. అక్కగారు గల్లాపెట్టె దగ్గర్నుంచే అన్నారు: "వాళ్ళ వైపు కన్నతండ్రిని కూడా నువ్వనే అంటారండీ. మనం అమ్మని నువ్వంటాం కదా, అలాగే. మన అండీ గిండీ వాళ్ళకి పరాయిగా ఉంటుంది." గొంతులో కాంట్రాక్టరు గారి మీద కోపం లేదు, కుర్రాడి మీద జాలి లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పారు. కాంట్రాక్టరు గారు కాసేపాగి కుర్రాడి వైపు ఊరగాయ గిన్నె జరిపారు. గట్టు ఉందని అందరికీ తెలుసు. అది ఊరికొక చోట ఉంటుందని ఆవిడకి తెలుసు. ఈ మెస్‌కి నేను మార్కులు వేసేది ఇందుకే.

లోపాలు చెప్పకపోతే రివ్యూ కాదు. కుర్చీలు ఇరుకు, భారీ మనిషి కూర్చుంటే పక్కవాడి మోచెయ్యి తగులుతుంది. చేతులు కడుక్కునే కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తాయి, వెనకాల నలుగురు నిలబడతారు. ఎండాకాలం తలుపు దగ్గరి బల్లకి ఫ్యాను గాలి అందదు. పార్సిల్ ఇవ్వరు. ఎంత బతిమాలినా ఇవ్వరు, ఇంట్లో ముసలివాళ్ళున్నారని చెప్పుకున్నవాళ్ళని కూడా పంపేయడం నేను చూశాను, అది నాకు నచ్చలేదు. అక్కగారితో అన్నాను కూడా. ఇక్కడ తినేవాళ్ళకి తక్కువవుతుందన్నారు. ముసలివాళ్ళ కోసం రోజుకి నాలుగు క్యారేజీలు కట్టొచ్చని నా ఉద్దేశం, ఇప్పటికీ అదే ఉద్దేశం. 1.30 తర్వాత వెళ్తే కూరల్లో ఒకటి అయిపోయి ఉంటుంది. అయిపోయిందని ముందే చెప్పి, ఉన్నవాటితో సరిపెట్టుకుంటారా అని అడిగి, 20 రూపాయలు తగ్గించి తీసుకుంటారు.

వెనకాల ఎవరూ నిలబడరు. ఇది పెద్ద విషయం. బంతి పూర్తయ్యేదాకా తలుపు దగ్గర గొలుసు వేసి ఉంటుంది. బయట వేపచెట్టు కింద రెండు బల్లలు, ఒక కూజా. చివరి మనిషి చెయ్యి కడుక్కున్నాకే గొలుసు తీస్తారు. ఎంత రద్దీ ఉన్నా అంతే. ఒక శుక్రవారం రిజిస్ట్రేషన్లకి మంచి ముహూర్తమని బయట 30 మంది ఉన్నారు, లోపల మాస్టారు ఒక్కరే మజ్జిగ తాగుతున్నారు. ఆయన మజ్జిగ నెమ్మదిగా తాగుతారు. గొలుసు తీయలేదు.

మా ఆవిడని పోయిన నెల అక్కడికే తీసుకెళ్ళాను. గురువారం, దప్పళం రోజు. ఆవిడ పెరుగన్నంలో మాగాయ టెంక చీకుతూ ఉండగా బాబాయి వచ్చి, ఆకు వంక చూసి, అడగకుండానే ఇంకో ముక్క వేసి వెళ్ళాడు.

భోజనానికి 5కి 4, వడ్డనకి 5కి 5. మధ్యాహ్నం 12 లోపు వెళ్ళండి, కిటికీ పక్క బల్ల మాత్రం మాస్టారిది.